పేరులో దాగిన పండితుడు

కొన్ని ఆంగ్లపదాలు కంటికొక తీరుగా, చెవికొక తీరుగా ఉంటాయి. వాటిలో ఒక పువ్వు పేరు ఆంగ్లేయులనే తికమకపెడుతుంది. ఎరుపు, ఊదా రంగులు కలిసి, చెవి లోలాకులవలె కొమ్మలనుండి తలక్రిందులుగా వ్రేలాడే ఆ పువ్వు పేరు ‘ఫ్యూషా’. పలుకులో రెండే అక్షరాలు, ఊనిక మొదటిదానిపైన. వ్రాతలో మాత్రం ఏడు: ఎఫ్, యు, సి, హెచ్, ఎస్, ఐ, ఎ. చెవిని నమ్మి వ్రాసేవారు ‘ఎస్’ను ‘సి’కి ముందు చేర్చి తప్పులో కాలు వేస్తారు.

ఈ చిక్కుకు మూలం ఒక మనిషి. లియొన్‌హార్ట్ ఫుక్స్ (1501–1566) జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్రాచార్యుడు. వైద్యులకే ఓషధుల పరిచయం కొరవడిందని చింతించి, 1542లో ఐదు వందలకు పైగా చిత్రాలతో ఒక మహాగ్రంథం ప్రకటించాడు. తరువాతి కాలంలో గుండెజబ్బులకు మందునిచ్చిన ‘డిజిటాలిస్’ మొక్కకు ఆ పేరు పెట్టినది ఆయనే.

ఆయన గతించిన 137 సంవత్సరాలకు, 1703లో, చార్లెస్ ప్లూమియే అనే ఫ్రెంచి సన్యాసి కరీబియన్ ప్రాంతంలోని హిస్పానియోలా ద్వీపంలో తాను కనుగొన్న మొక్కకు ఫుక్స్ స్మారకంగా నామకరణం చేశాడు. తన పేరు ధరించిన పువ్వును ఫుక్స్ ఎన్నడూ చూడలేదు. పేరు పెట్టిన ప్లూమియేకూ ఆ గౌరవం దక్కింది: మన దేవగన్నేరు శాస్త్రనామమైన ‘ప్లుమేరియా’ ఆయన పేరే.

జర్మన్ భాషలో ‘సి, హెచ్, ఎస్’ కలిస్తే ‘క్స్’ అని పలుకుతుంది. ‘ఫుక్స్’ అంటే నక్క. ఆ లెక్కన పువ్వు పేరు ‘ఫుక్సియా’ కావాలి. కాని పదాంతంలోని ‘సియా’ను ‘షా’గా కరిగించడం ఆంగ్లేయుల నాలుకకు అలవాటు, రష్యాను వారు ‘రషా’ అనరూ? ఆ ఒరవడిలో కకారం జారిపోయింది. దానితోపాటు పండితుడూ వినబడకుండా పోయాడు.

ఆంగ్లలిపి పలుకు మారినా పాత వ్రాతను దాచుకుంటుంది. తెలుగులిపి విన్నదానినే వ్రాస్తుంది. అందుచేత అనువాదకునికి ధర్మసంకటం. ‘ఫ్యూషా’ అని వ్రాస్తే ఫుక్స్ మరుగున పడతాడు. ‘ఫుక్సియా’ అని వ్రాస్తే ఆంగ్లేయుడు ఆ పువ్వును పోల్చుకోలేడు. కథలోని సంభాషణకు మొదటిది, వృక్షశాస్త్ర గ్రంథానికి రెండవది తగునని నా అభిప్రాయం.

ఇక ఆంగ్లంలో తప్పులేకుండా వ్రాయడానికి ఒక్క ఉపాయం చాలు. ముందు ఆచార్యుని పేరు పూర్తిగా వ్రాయండి. చివర ‘ఐ, ఎ’ చేర్చండి.