ఆకెన్ విడిచిన ముగ్గురు ఆచార్యులు

వరి సాగు తెలిసిన కుటుంబాలలో పుట్టినవారికి నారు వయస్సు గురించి వేరుగా చెప్పనవసరం లేదు. ఇరవై అయిదు, ముప్పై రోజుల నారును పీకి పొలంలో నాటితే కొద్దిరోజులు ఆకులు పసుపుబారి వాడిపోయినట్లే కనిపిస్తాయి. పీకినప్పుడు తెగిన వేళ్ళకు బదులు కొత్త వేళ్ళు పుట్టేవరకు మొక్క నీటిని చాలినంతగా తీసుకోలేదు. తరువాత తేరుకుని పిలకలు వేస్తుంది. అదే నారు ముదిరిపోతే, నాటిన నేల ఎంత సారవంతమైనదైనా పిలకలు తగ్గిపోతాయి. మనుషుల సంగతి ఇంతకన్నా జటిలమే. అయినా జర్మనీలోని ఆకెన్ నగరంలో, ఒకే విద్యాలయంలో పనిచేసిన ముగ్గురు శాస్త్రజ్ఞుల చరిత్ర చదివినప్పుడు ఆ నారుమడి జ్ఞాపకం రాక మానదు.

ఆకెన్ జర్మనీకి పశ్చిమపు అంచున, బెల్జియం, నెదర్లాండ్స్ సరిహద్దులు కలిసే చోట ఉంది. డెబ్బయి డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడితో, గంధకపు వాసనతో ఇక్కడ ఉబికే ఊటల కోసం రోమనులు స్నానశాలలు కట్టుకున్నారు. 1870లో ఆరంభమైన ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం తెలుగువారికి పరాయిది కాదు. మద్రాసు ఐ.ఐ.టి. ఏర్పడినప్పుడు చేయూతనిచ్చిన జర్మన్ విద్యాలయాలలో అదీ ఒకటి.

1913లో ఆ విద్యాలయపు వాయుగతి శాస్త్ర పీఠానికి థియొడోర్ ఫాన్ కార్మాన్ అనే యువకుడు వచ్చాడు. బుడాపెస్టులోని యూదు కుటుంబంలో 1881లో జన్మించినవాడు. అంటే ఆకెన్ కూడా ఆయనకు పరదేశమే. రాజమండ్రి వంతెన మీద నిలబడి వరదకాలంలో గోదావరిని చూసినవారు స్తంభాల వెనుక నీరు సుళ్ళు తిరగడం గమనించే ఉంటారు. స్తంభానికి ఒక పక్కన ఒక సుడి పుట్టి విడిపోతుంది, వెంటనే రెండవ పక్కన మరొకటి. మొదటిది సవ్యంగా తిరిగితే రెండవది అపసవ్యంగా. ఇలా ఎడమ, కుడి మార్చి మార్చి సాగే రెండు వరుసల అమరిక ఏ నిష్పత్తిలో ఉంటే స్థిరంగా నిలుస్తుందో 1911లో కార్మాన్ గణితపరంగా చూపాడు. ఆ సుడుల బాటకు నేటికీ ఆయన పేరే.

ఆకెన్‌లో పనిచేస్తూనే ఆయన సరిహద్దుకు ఆవల కొద్ది కిలోమీటర్ల దూరంలోని డచ్చి గ్రామం ఫాల్స్‌లో తల్లితోను, చెల్లెలితోను కాపురం ఉన్నాడు. శిష్యులు, మిత్రులు సాయంకాలం ఆ ఇంటికి చేరేవారు. ఆ రోజులలో ఆయనకు దేశపు ఎల్ల దాటడం మన ఊళ్ళలో కాలువ వంతెన దాటడం వంటిది.

అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ అధిపతి రాబర్ట్ మిల్లికన్ 1926 నుండీ ఆయనను పిలుస్తూనే ఉన్నాడు. కార్మాన్ వెంటనే కదలలేదు. జర్మనీలో యూదు ద్వేషం ముదరడం చూసి, 1930లో, నలభై తొమ్మిదవ ఏట, తల్లిని, చెల్లెలిని వెంటబెట్టుకొని పాసడీనా చేరాడు. అక్కడ పదవి సిద్ధంగా ఉంది, ప్రయోగశాల ఎదురుచూస్తోంది. అన్నిటికన్నా ముఖ్యం, తెలిసిన విద్యకు అక్కడ పని ఉంది. 1940 నవంబరులో టకోమా వేలాడే వంతెన గాలికి ఊగి కూలినప్పుడు కారణాలు విచారించిన సంఘంలో ఆయన సభ్యుడు. 1944లో రూపొందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీకి ఆయనే మూలపురుషులలో ఒకడు. శిష్యులు గుమిగూడే ఇల్లు కూడా పాసడీనాలో మళ్ళీ వెలిసింది.

మిగిలిన ఇద్దరు ఆకెన్‌లోనే ఉండిపోయారు.

లుడ్విగ్ హోఫ్ (జననం 1884) ఐన్‌స్టీన్‌కు సహాయకుడుగా పనిచేసినవాడు, ఆయనతో కలిసి సంగీతం వాయించినవాడు. ఒట్టో బ్లూమెంటాల్ (జననం 1876) సుప్రసిద్ధ గణితజ్ఞుడు హిల్బర్ట్ వద్ద డాక్టరేటు పొందిన మొదటి శిష్యుడు. 1905 నుండి ఆకెన్‌లో ఆచార్యుడు. 'మాథమాటిషే అన్నాలెన్' అనే గణిత పత్రికను 1906 నుండి సంపాదకుడుగా నడిపినవాడు. 1933 వసంతకాలంలో వీరిద్దరి పైన తొలి ఫిర్యాదు చేసినది ప్రభుత్వం కాదు, స్వంత విశ్వవిద్యాలయపు విద్యార్థి సంఘం. ఏప్రిల్ 7న వెలువడిన ఉద్యోగుల శాసనం యూదులను ప్రభుత్వ కొలువుల నుండి తొలగించింది. బ్లూమెంటాల్ పద్ధెనిమిదవ ఏటనే క్రైస్తవం స్వీకరించాడు, మొదటి యుద్ధంలో దేశానికి సేవ చేశాడు. అందుచేత ఆయన విషయంలో రాజకీయ కారణాలు చూపారు. హోఫ్ మరుసటి సంవత్సరం తొలగింపబడ్డాడు.

అప్పుడైనా ఎందుకు వెళ్ళలేదు? ఈ ప్రశ్న వేయడం నేటివారికి సులభం. బ్లూమెంటాల్‌కు అప్పటికి యాభై ఏడు సంవత్సరాలు. ఇల్లు, మిత్రులు, భాష, అన్నిటికీ మించి పత్రిక, అన్నీ ఇక్కడే. ఉద్యోగం పోయాక కూడా 1938 వరకు ఆ సంపాదకత్వం వదలలేదు. శరణార్థి శాస్త్రజ్ఞులకు ఇంగ్లండు, అమెరికాలలో ఉన్న కొద్దిపాటి ఉద్యోగాలు చాలావరకు యువకులకే దక్కాయి. గణితజ్ఞుడికి కాగితం, కలం చాలు. తన విద్యను తలలో పెట్టుకుని ఏ దేశమైనా పోగలడని పరికరాలకు కట్టుబడిన రసాయనికులు అసూయపడుతుంటారు. కానీ తలలోని విద్యకు కూడా ఎదుట ఒక తరగతి గది కావాలి కదా.

1938 నవంబరులో యూదుల ఇళ్ళపై దాడి జరిగిన రాత్రి హోఫ్‌ను పట్టుకోవడానికి వచ్చినవారు ఆయన బదులు కుమారుడిని బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి తీసుకుపోయారు. 1939లో హోఫ్ కేంబ్రిడ్జి చేరి, అక్కడినుండి డబ్లిన్ ట్రినిటీ కళాశాలకు ఆచార్యుడుగా వెళ్ళాడు. ఎట్టకేలకు నేల దొరికింది. అదే డిసెంబరులో ఆయన మరణించాడు. తానూ ప్రవాసియై కొత్తగా డబ్లిన్ చేరిన ష్రోడింగర్ ఆయన సమాధి వద్ద మాట్లాడాడు.

బ్లూమెంటాల్ దంపతులు పిల్లలను ముందుగానే ఇంగ్లండు పంపి, తాము 1939 వేసవిలో నెదర్లాండ్స్ చేరారు. ఆయనకు అరవై మూడేళ్ళు. ఎన్నో భాషలు నేర్చినవాడు కనుక భాష అడ్డంకి కాలేదు. అయితే కార్మాన్ సముద్రం దాటిపోగా, ఈయన దాటినది ఒక పక్క ఎల్ల మాత్రమే. 1940 మేలో జర్మన్ సైన్యం వెనుకనే వచ్చింది. 1943లో వెస్టర్‌బోర్క్ శిబిరంలో భార్య మరణించింది. 1944 నవంబరులో ఆయన టెరేజియన్‌స్టాట్‌లో కన్నుమూశాడు.

ముగ్గురి ప్రజ్ఞలో తేడా వెదకడం వృథా. తేడా బయలుదేరిన సంవత్సరంలో ఉంది, వయస్సులో ఉంది, ఆవల చేయి చాచినవారిలో ఉంది.

చేయి చాచేవారు లేకపోయినా నిలదొక్కుకున్నవారు లేకపోలేదు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టను చేరినప్పుడు ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు, లేత నారే అనాలి. ఆసుపత్రిలో రాత్రిపూట పాకీపనితో సమానమైన కొలువు చేసి పొట్ట పోసుకున్నారు. ఆయనకు తొలి పేరు తెచ్చినది ఒక రంగు. ఫాస్ఫేటు ఆమ్లంలో మాలిబ్డేటుతో కూడి ఏర్పడే పదార్థాన్ని క్షయకరణం చేస్తే ద్రావణం నీలమవుతుంది. ఆ నీలం ఎంత గాఢమో చూసి రక్తంలోని ఫాస్ఫరసును లెక్కగట్టవచ్చు. ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన ఈ పద్ధతిని ఆ తరువాత దశాబ్దాలపాటు ప్రపంచమంతటి ప్రయోగశాలలు వాడాయి. కణానికి శక్తినిచ్చే ఎ.టి.పి.ని కనుగొనడానికి అదే దారి చూపింది. అయితే ఆయన ప్రవాసానికి చెల్లించిన వెల మన వ్యాసాలలో తరచు మరుగున పడుతుంది. స్వదేశంలో విడిచివచ్చిన భార్య శేషగిరి గారిని మళ్ళీ చూడలేదు. తాను బయలుదేరిన తరువాత పుట్టిన కుమారుడు శైశవంలోనే మరణించాడు. 1948లో న్యూయార్కులో ఆయన కన్నుమూసేవరకు స్వదేశ ప్రయాణం జరగనే లేదు.

కార్మాన్‌కు 1963 ఫిబ్రవరిలో అధ్యక్షుడు కెనడీ అమెరికా జాతీయ విజ్ఞాన పతకాన్ని బహూకరించాడు. ఆ పతకం అందుకున్న మొదటివాడు ఆయనే. మూడు నెలలైనా గడవకముందే, మే నెలలో, విశ్రాంతి కోసం వచ్చిన ఊరిలో మరణించాడు. ఆ ఊరు ఆకెన్. విశ్వవిద్యాలయంలోని పెద్ద ఉపన్యాస భవనానికి ఆయన పేరే పెట్టారు.

నేడు ఆకెన్ వచ్చే తెలుగు విద్యార్థుల ప్రయాణం వేరు. వారిని తరిమినవారెవరూ లేరు. వీసా కోసం 2024లో ఏడాది ఖర్చుగా 11,904 యూరోలు బ్యాంకులో ముందే నిలవ చూపవలసి వచ్చింది; అందుకై ఇంటివద్ద ఏ పొలం తాకట్టుకు పోయిందో తల్లిదండ్రులకే ఎరుక. ఆకెన్‌లో గది దొరకనివారు కొందరు ఫాల్స్‌లో అద్దెకుండి రోజూ బస్సులో వచ్చిపోతుంటారు. 1995లో షెంగెన్ ఒప్పందం అమలయ్యాక ఆ ఎల్ల వద్ద ఆపేవారు లేకపోయారు. 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నిటి వద్దా మళ్ళీ తనిఖీలు మొదలుపెట్టింది.