కూర్చుండబెట్టు సేవ

పక్షవాతము తగిలి, ఆస్పత్రిలో కొన్నాళ్ళు గడపి, ప్రాణాపాయము తప్పి యింటికి వచ్చిన పెద్దవానికి మన కుటుంబములలో జరుగు మర్యాద యెట్టిదో యెల్లరు నెరిగినదే. వరండాలో గాలి చక్కగా వీచు చోట చేతుల కుర్చీ యొకటి వేయుదురు. దాని ప్రక్కనే నీళ్ళచెంబు, మందుల డబ్బా, టెలివిజను రిమోటు, సెల్‌ఫోను అమర్చుదురు. కాఫీ అచ్చటికే వచ్చును, ఇడ్లీ అచ్చటికే వచ్చును, మధ్యాహ్నపు భోజనము కంచముతో సహా అచ్చటికే వచ్చును. ఆయన కుర్చీచేతులు పట్టుకొని లేవబోయినచో కోడలు వంటింటినుండి పరుగున వచ్చి, "మీరు లేవకండి మావయ్యగారూ, ఏం కావాలో చెప్పండి, నేను తెస్తాను" అని మరల కూర్చుండబెట్టును. చూచిపోవచ్చిన బంధువులు "ఎంత బాగా చూసుకుంటున్నారో" అని మెచ్చుకొందురు. ఆ మెప్పు న్యాయమైనదే, ఆ ప్రేమయు నిజమైనదే. అయినను ఆ ప్రేమయే ఆ మనిషిని ప్రొద్దుటినుండి రాత్రివరకు కుర్చీకి కట్టివేయుచున్నదనియు, అట్లు కట్టుబడిన దేహమున భోజనానంతరము చక్కెర పెరుగుటకు వలసిన కారణములన్నియు ఒకచోట ప్రోగగుచున్నవనియు చెప్పుటకే ఈ వ్యాసము.

పక్షవాతమునకును చక్కెరకును గల చుట్టరికము చిన్నది కాదు. మెదడునకు రక్తము చేర్చు నాళము పూడుకొనిపోవుటవలననో చిట్లుటవలననో ఆ మేరకు మెదడు దెబ్బతినుటయే పక్షవాతము. ఏండ్ల తరబడి హెచ్చుగా నున్న చక్కెర ఆ నాళముల లోపొరను చెరచుచు వచ్చును గనుక, మధుమేహము గలవారికి పక్షవాతము వచ్చు అవకాశము తక్కినవారికంటె రమారమి రెండింతలు. భారతీయ వైద్య పరిశోధన మండలి దేశమంతట జరిపించిన సర్వే ఫలితములు 2023లో వెలువడినప్పుడు, మన దేశమున మధుమేహులు 10 కోట్లకు మించియున్నారనియు, ఆ వ్యాధి గుమ్మము కడ నిలిచినవారు మరి 13 కోట్లకు పైబడి యున్నారనియు తేలినది. ఇక పక్షవాతము తగిలిన తొలిదినములలో, అంతకుముందు మధుమేహమే యెరుగనివారికి సైతము దేహమునకు కలిగిన తాకిడివలన చక్కెర పెరుగుట కద్దు. అందుచేత ఆస్పత్రిలో చూచిన ఒక్క అంకెను పట్టుకొని "షుగరు వచ్చేసింది" అని బెంగపడుటయు, ఇంటికి వచ్చిన పిదప తగ్గినది గదా యని ఆ సంగతియే మరచుటయు రెండును పొరపాట్లే. గడచిన రెండు మూడు మాసముల సగటును తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించి, వైద్యుడు చెప్పిన గడువునకు మరల చూచుకొనుచుండుటయే యుక్తము.

తిన్న అన్నము చక్కెరయై రక్తములో చేరిన తరువాత, అది పోయి నిలువచేరవలసిన గాదె ముఖ్యముగా మన కండరములే. ఆ గాదెకు రెండు ద్వారములు గలవు. మొదటిది ఇన్సులిన్ వచ్చి తట్టినప్పుడు తెరచుకొనును. రెండవదానికి ఇన్సులిన్‌తో పనిలేదు. కండరము ముడుచుకొని సాగినంతమాత్రముననే, కణములో లోపల దాగియుండు గ్లూట్-4 అను వాహక ప్రోటీను పైపొరకు వచ్చి చక్కెరను లోనికి చేరవేయును. మధుమేహులలో మొరాయించునది మొదటి ద్వారము. రెండవది వారికిని చాలవరకు చక్కగానే పనిచేయును. ఈ ఒక్క సంగతి తెలిసినవారికి తక్కిన కథయంతయు సులభముగా బోధపడును. నిలుచున్నప్పుడును నడచునప్పుడును పిక్కలు, తొడలు, పిరుదులు మొదలైన పెద్దకండరములన్నియు తమ పని తాము చేయుచుండును. కూర్చున్నంతనే వాని పని దాదాపు నిలిచిపోవును. మరి అన్నము తిన్న వెంటనే కుర్చీలో వెనుకకు వాలి కునుకు తీయు ఆ గంట, గంటన్నర కాలమే రక్తములో చక్కెర పతాకస్థాయికి చేరు సమయము.

పక్షవాతము తగిలినవానికి కష్టము ఇంతతో ముగియదు. పడిపోయిన కాలు క్రమముగా సన్నగిల్లును. పిక్క చూడగానే ఆ భేదము తెలియును. కంటికి కనబడని మార్పులు అంతకంటె ముఖ్యమైనవి: కండరము తరుగుచుండగా దాని పోగుల నడుమ క్రొవ్వు చేరును, ఓర్పుతో నెమ్మదిగా పనిచేయుచు ఇన్సులిన్ మాట చక్కగా వినెడు పోగులు తగ్గి, త్వరగా అలసిపోవుచు దాని మాట అంతగా వినని పోగులు హెచ్చగును. అనగా గాదెయు చిన్నదగును, దాని ద్వారమును బిగుసుకొనును. ఇది చాలదన్నట్లు, కాలు ఈడ్చుచు నడచుటకు పట్టు శ్రమ మామూలు నడకకంటె ఎంతో అధికము. పది అడుగులకే ఆయాసము, దానికి తోడు పడిపోదునేమో యను భయము. ఆస్ట్రేలియాలో పక్షవాతమునుండి కోలుకొన్నవారికి కదలికలను లెక్కించు చిన్న యంత్రములు కట్టి చూడగా, వారు దినమునకు సుమారు 11 గంటలును, అదే యీడు ఆరోగ్యవంతులు సుమారు 8 గంటలును కూర్చుండియే గడపుచున్నట్లు తేలినది. మన వరండాలలో ఎవరును లెక్కగట్టలేదు గాని, నా చూపునకు ఆ 11 గంటలు మనకు తక్కువ లెక్కయే.

కూర్చుండుట చేటు తెచ్చునను మాట శాస్త్రజ్ఞుల దృష్టికి గట్టిగా వచ్చినది లండను నగరపు రెండంతస్తుల బస్సులనుండి. దినమంతయు కూర్చుండి బండి నడుపు డ్రైవర్లకంటె, మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువయని జెర్రీ మారిస్ అను వైద్యుడు తన సహచరులతో కూడి 1953లో లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. చక్కెర మాట తేలుటకు మరి ఆరు దశాబ్దములు పట్టినది. మెల్‌బోర్ను నగరమందలి బేకర్ సంస్థవారు 2012లో, స్థూలకాయులైన 19 మందిని కూర్చుండబెట్టి, 20 నిమిషముల కొకమారు లేపి 2 నిమిషములు మాత్రము నెమ్మదిగా నడిపించి చూడగా, ఊరక కూర్చున్న దినముకంటె ఆహారానంతరపు చక్కెర పెరుగుదల సుమారు నాలుగవ వంతు తగ్గినది. 2016లో వారే మధుమేహులు 24 మందితో అరగంట కొకమారు 3 నిమిషములు నడకయో, నిలుచుండి చేయు తేలిక వ్యాయామమో చేయించగా తగ్గుదల 39 శాతము వరకు పోయినది. మందుబిళ్ళ లేదు, యంత్రము లేదు, లేచుటయే చికిత్స.

ఇదే మంత్రము పక్షవాతపు రోగులకును పనిచేయునా యని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమునకు చెందిన కోరలీ ఇంగ్లిష్ మొదలగు పరిశోధకులు పరీక్షించి, ఫలితములను 2018లో ప్రకటించిరి. పాల్గొన్నవారు 19 మంది. ఒక దినము 8 గంటలు కూర్చుండుట. ఒక దినము అరగంట కొకమారు 3 నిమిషములు నిలుచుండి తేలిక వ్యాయామములు. ఒక దినము అంతే సేపు నడక. నిలుచుండి వ్యాయామము చేసిన దినమున రక్తపుపోటు పై అంకె సగటున 3.5 పాయింట్లు తగ్గినది. చక్కెరలో మాత్రము చెప్పుకోదగిన భేదము కనబడలేదు!

పత్రికలలో ఆరోగ్యశీర్షికలు వ్రాయువారు ఇట్టి సంగతిని మెల్లగా దాటవేయుదురు. దాటవేయుట పాఠకుని మోసగించుటయే యని నా నమ్మకము. మామూలు మధుమేహికి పనిచేసిన మూడు నిమిషములు పక్షవాతపు రోగికి ఏల చాలలేదు? సన్నగిల్లి, క్రొవ్వు చేరి, సగము నిద్రించుచున్న కండరమును ఒక్క దినపు తేలిక కదలిక మేల్కొల్పజాలదని నాకు తోచుచున్నది. ఈ తలపునకు బలమిచ్చు సాక్ష్యము మరియొకటి కలదు. అమెరికాలోని బాల్టిమోరు వైద్యులు పక్షవాతమువలన నడక దెబ్బతిన్నవారికి వారమునకు మూడుమారులు, ఆరు మాసములపాటు, చేతితో పట్టుకొను కమ్ములు గల ట్రెడ్‌మిల్లుపై నడక నేర్పగా, చక్కెరను తట్టుకొను శక్తియు ఇన్సులిన్ పనితనమును మెరుగుపడినవని 2007లో వ్రాసిరి. కావున మాటిమాటికి లేచుట రక్తపుపోటునకు మేలు. చక్కెరకు మేలు కావలెనన్నచో ఆ లేచుట పైన మాసముల తరబడి సాగు నడక సాధనయు చేరవలెను. మొదటిది లేక రెండవది రాదు. కుర్చీనుండి లేవనివాడు నడక సాధన మొదలుపెట్టుట ఎట్లు?

లేచుటకు కూడ ఒక పద్ధతి కలదు. ఫిజియోథెరపిస్టు తొలినాడే నేర్పునది అదియే, ఇంట మనము తొలివారములోనే మరచునది కూడ అదియే. కుర్చీ గట్టిదై, గోడకు ఆనియుండవలెను. ప్లాస్టిక్ కుర్చీ పనికిరాదు. ముందుగా కుర్చీ అంచునకు జరుగవలెను. రెండు పాదములను మోకాళ్ళకంటె కొంచెము వెనుకకు తీసి నేలపై పూర్తిగా ఆన్చవలెను. బలహీనమైన పాదము జారి ముందుకు పోకుండునట్లు ప్రక్కవారు తమ పాదము అడ్డముంచవచ్చును. తరువాత ముక్కు కాలివ్రేళ్ళకు పైగా వచ్చునంతవరకు ముందుకు వంగి, బరువు రెండు కాళ్ళపైకి వచ్చిన పిదప లేవవలెను. మంచికాలు ఒక్కటియే పని చేయనిచ్చి లేచుట సులభము, అందరు చేయుదురు. దానివలన పడిన కాలు మరింత పడిపోవును. పట్టుతప్పిన చేతిని పట్టి పైకి లాగుట మాత్రము ఎన్నడును చేయరాదు. భుజపు కీలు జారిపోవును. లేచినవెంటనే నడువక, కిటికీ ఊచలు పట్టుకొని ఒక్క నిమిషము నిలిచి, తల తిరుగుటలేదని తెలిసికొని, పది పర్యాయములు మడమలెత్తి దించవచ్చును. ఇన్సులిన్ గాని చక్కెరను తగ్గించు కొన్ని రకముల బిళ్ళలు గాని వాడుచున్నవారికి సాధన పెరిగినకొలది చక్కెర మరీ పడిపోవచ్చును. చెమటలు, వణుకు, కంగారు కనబడినచో తక్షణము గ్లూకోమీటరుతో చూచి, తీపి యీయవలెను. మ్రింగుట కష్టమైనవారి నోట మాత్రము నీళ్ళు పంచదార పోయరాదు, వైద్యుని పిలువవలెను.

నిలువలేనివారి మాటయేమి యని అడుగువారుందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన వ్యాయామ మార్గదర్శకములలో అంగవైకల్యము గలవారిని కూడ తొలిసారిగా చేర్చి, వారును కూర్చుండు కాలమును తగ్గించుకొనవలెననియు, చేయగలిగినంత చిన్న కదలికయు మేలేయనియు చెప్పినది. మంచి చేతితో బరువెత్తుట, కూర్చున్న చోటనే మోకాలు చాచుట, నడుము నిటారుగా నిలుపుట ఇవన్నియు ఆ లెక్కలోనివే. పక్షవాతము తగ్గునను నమ్మికతో పావురాయి నెత్తురు రుద్దించుటకు ఊరూరు తిరుగు ఓపికలో పదియవ వంతు ఈ సాధనకు పెట్టినను చాలును.

ఈ వ్యాసము చదువు కొడుకులకు, కూతుళ్ళకు, కోడళ్ళకు ఒక మనవి. ఒక వారముపాటు మీ యింటి రోగి ఏ వేళనుండి ఏ వేళవరకు లేవక కూర్చుండిరో కాగితముపై వ్రాయుడు. ఆ వారములో రెండు మూడు దినములు మధ్యాహ్న భోజనము మొదలిడిన రెండు గంటలకు చక్కెర చూచి ఆ అంకెను దాని ప్రక్కనే వేయుడు. మరల ఆస్పత్రికి పోవునప్పుడు ఆ కాగితమును మందుల చీటీతోపాటు వైద్యునకు చూపి, దినమునకు ఎన్నిమారులు లేవవచ్చును, ఎంత నడువవచ్చును, ఏ బిళ్ళ మోతాదు మార్చవలసియుండునో అడిగి వ్రాయించుకొని రండు.