కొవ్వు శాతం: కొలత కాదు, లెక్క

కొత్త రకం వెయింగ్ మెషీన్ మీద చెప్పుల్లేకుండా నిలబడితే కాసేపటికి ఫోన్‌లో పెద్ద పట్టిక వచ్చేస్తుంది. కొవ్వు 27.4 శాతం, కండ ఇన్ని కిలోలు, నీరు ఇంత, ఎముకలు ఇంత, చివరికి ‘శరీర వయసు’ కూడా. దశాంశాలతో సహా కనిపిస్తాయి కాబట్టి అన్నీ కొలిచి చెప్పినవే అనుకుంటాం. నిజానికి ఆ యంత్రం కొలిచేవి రెండే: మన బరువు, మన కాళ్లలోంచి పంపిన విద్యుత్తుకు ఎదురైన నిరోధం. మిగతావన్నీ ఆ రెండింటికీ మనం నింపిన ఎత్తు, వయసు, ఆడా మగా అన్న వివరాలు చేర్చి కట్టిన లెక్కలు.

ఆ విద్యుత్తు ఒక మిల్లీ ఆంపియర్‌కు లోపే ఉంటుంది, పౌనఃపున్యం సాధారణంగా 50 కిలోహెర్ట్జ్. ఒక పాదంలో ఎక్కి, తుంటి మీదుగా రెండో కాల్లోంచి దిగిపోతుంది. మనకు తెలియను కూడా తెలియదు. కండలో సుమారు ముప్పావు వంతు నీరే, అందులో లవణాలు కరిగి ఉంటాయి కాబట్టి విద్యుత్తు సులువుగా సాగుతుంది. కొవ్వులో నీరు బాగా తక్కువ కనుక అక్కడ అడ్డు ఎక్కువ. ఎత్తు వర్గాన్ని నిరోధంతో భాగిస్తే వచ్చే విలువ ఒంట్లోని నీటి పరిమాణాన్ని అనుసరించి ఉంటుందని 1969లో హాఫర్ అనే పరిశోధకుడి బృందం చూపింది. ఎత్తు తప్పుగా నింపితే ఫలితాలన్నీ తారుమారయ్యేది అందుకే. కొవ్వు కాని భాగంలో దాదాపు 73 శాతం నీరుంటుంది కాబట్టి, నీటిని బట్టి ఆ భాగం బరువు తేలుతుంది. దాన్ని మొత్తం బరువులోంచి తీసేస్తే మిగిలేదే కొవ్వు. అంటే యంత్రం కొవ్వును నేరుగా చూడనే చూడదు.

ఇక్కడే చిక్కంతా ఉంది. 70 కిలోల మనిషికి కొవ్వు 17.5 కిలోలు, అంటే 25 శాతం అని చూపించిందనుకుందాం. ఆయన అర లీటరు నీళ్లు తాగి వెంటనే మళ్లీ ఎక్కితే బరువు 70.5 అవుతుంది. నీళ్లు ఇంకా పొట్టలోనే ఉన్నాయి, కాళ్ల నిరోధం మారలేదు. పెరిగిన బరువులో ఎక్కువ భాగం కొవ్వు ఖాతాలో పడి, శాతం 25.5 దాకా పోవచ్చు. తాగింది మంచినీళ్లే! అదే రోజంతా నిలబడి పనిచేసిన వారికి సాయంత్రానికి నీరు కాళ్లలోకి దిగి నిరోధం తగ్గుతుంది, కొవ్వు తక్కువగా కనిపిస్తుంది. పగిలిన, ఎండిన మడమలకు యంత్రం మీది లోహపు పట్టీ సరిగ్గా ఆనదు, అంకె మళ్లీ ఎక్కువ చూపుతుంది.

డైటింగ్ మొదలుపెట్టిన వారు మొదటి వారంలో కంగారుపడేది కూడా ఈ నీటి లెక్క వల్లే. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఒక్కో గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయ్యేసరికి నీరూ పోతుంది. బరువు తగ్గినా కొవ్వు శాతం పెరిగినట్టు కనిపించవచ్చు. అది చూసి మానేయకండి.

ఎముకల అంకె ఉత్త సూత్రఫలితం. ఎముకలు గుల్లబారాయో లేదో అది చెప్పలేదు, దానికి ఆస్పత్రిలో డెక్సా స్కాన్ కావాలి.

అలాగని కొవ్వు సంగతే వదిలేయడం మనకు మంచిది కాదు. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటోతో ఒక చిన్న వ్యాసం రాశారు. ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే మన ఒళ్లలో కొవ్వు దాగి ఉంటుందనడానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు కనిపించలేదు. అయితే యంత్రంలోని సూత్రం ఏ జనం మీద తయారైందో వారికే బాగా నప్పుతుంది. వేరే దేశంలో కట్టిన సూత్రం మన శరీరాలకు అంతే బాగా సరిపోతుందన్న హామీ లేదు.

కాబట్టి పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, పాదాలు శుభ్రంగా ఉంచుకుని, ఎప్పుడూ ఒకే యంత్రం మీద చూసుకోండి. ఒకరోజు అంకెను పట్టించుకోకుండా, నెలల తరబడి అది ఎటు పోతోందో గమనించండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం ఇలాంటి యంత్రం ఎక్కకూడదు. ఇంట్లో దర్జీ టేపు ఉంటే నడుము కూడా కొలుచుకోండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే, యంత్రం ఏ శాతం చూపినా సరే, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి.