తాళము వేసిన ఇంటికి యజమాని ఎవరు?

గోపన్‌పల్లిలో మేము కాపురముండు వీధి చివర ఒక డాబా ఇల్లు ఉన్నది. దాని గేటు తాళము త్రుప్పుపట్టి ఏండ్లయినది. పిట్టగోడ బీటలో మొలచిన రావిమొక్క మనిషి ఎత్తు పెరిగినది. ఇరుప్రక్కల ఎత్తైన భవనములు లేచినను, ఆ ముంగిట దీపము వెలుగుట మేమెన్నడును చూడలేదు. ఎవరి నడిగినను ఒకే మాట: “ఆసామి అమెరికాలో ఉన్నాడు.” ఆసామి పేరు మాత్రము చెప్పగలవారు లేరు.

ఆ ఇంటిని కొనవలెనని మాకు కోరిక పుట్టినది. ఆ మాట నలుగురిలో అనిన వారము దినములకే ఒక మధ్యవర్తి వచ్చెను. “ఆసామితో మీకు పనే లేదండి. ఆయనిచ్చిన జీపీఏ నా దగ్గరే ఉంది. బయానా ఇవ్వండి, నెలలో రిజిస్ట్రేషన్ చేయిస్తాను” అనెను. ధర చౌకగానే యుండెను. చూపినది మాత్రము జిరాక్సు ప్రతి. యజమానితో ఒక్కసారి మాటలాడిన పిమ్మట ఇచ్చెదమంటిమి. ఆయన ముఖము చిన్నబుచ్చుకొని వెడలిపోయెను. ఆనాడు మొదలిడిన అన్వేషణ మాకు నేర్పిన సంగతులనే ఇచట విన్నవించుచున్నాము.

ఇట్టి ఇండ్లు ఈ ప్రాంతమున ఎట్లేర్పడినవో మొదట తలచుకొనవలెను. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. ఆ కాలముననే వేలకొలది తెలుగు యువకులు కంప్యూటరు ఉద్యోగములకై సముద్రములు దాటిరి. వారిలో పలువురు తమ పొదుపును నగరపు పడమటి పల్లెలలో ఇంటి స్థలములపై పెట్టిరి. కొందరు ఇల్లు కట్టి తల్లిదండ్రుల నుంచిరి. పెద్దలు గతించిన పిదప తాళము పడినది. కనుక అవి యజమాని లేని ఇండ్లు కావు. యజమాని దూరమైన ఇండ్లు. ఈ భేదము మరచిన చోటనే మోసమునకు తావు కలుగుచున్నది.

వెదుకవలసినది మొదట మనిషిని కాదు, పేరును. ఇరుగుపొరుగువారి మాట దారి చూపును గాని సాక్ష్యము కాదు. ఇంటి నంబరు, ప్లాటు నంబరు, సర్వే నంబరు తెలిసికొని, రిజిస్ట్రేషను శాఖనుండి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్టు, అనగా జనులు ఈసీ అనునది, తీయవలెను. తెలంగాణమున 1983 నుండి జరిగిన లావాదేవీల వివరములు కంప్యూటరులో లభించును. ఎవరు ఎవరికి అమ్మిరి, ఏ సంవత్సరమున ఏ నంబరు దస్తావేజు, తాకట్టు ఏమైన ఉన్నదా అను సంగతులు అందు కనబడును. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము స్థిరాస్తి దస్తావేజుల పుస్తకమును రుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును. ధ్రువీకరించిన నకలు పొందవచ్చును. ఇందుకు ఎవరి సిఫార్సును అక్కరలేదు.

అయితే ఈసీ సర్వస్వము కాదు. రిజిస్టరు కాని వీలునామా గాని, నోటిమాటగా జరిగిన పంపకము గాని అందు కానరాదు. అందుచేత లింకు దస్తావేజులను వరుసగా చదువవలెను. పూర్వము పొలములైన చోట సర్వే నంబరు మూలమును పహాణీలలో, వీలైనచో 1954–55 నాటి ఖాస్రా పహాణీ వరకు చూచుట మేలు. ఆ భూమి రిజిస్ట్రేషను చట్టము 22-ఏ క్రింద నిషేధిత జాబితాలో ఉన్నదేమో పరీక్షింపవలెను. న్యాయస్థానములలో వ్యాజ్యమున్నదేమో కూడ విచారింపవలెను.

మా చేతికి వచ్చిన నకలులో యజమాని పేరు, తండ్రి పేరు, నాటి చిరునామా ఉండెను. ఆ చిరునామా ఏనాడో ఖాళీ చేసిన అద్దె ఇల్లు. కాని పాత లింకు దస్తావేజులో స్వగ్రామము పేరు దొరకినది. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడును తెలిసినచో తెలుగువాని జాడ తెలియకపోవుట అరుదు. ఊరు లేని సందర్భమున విదేశములందలి తెలుగు సంఘములు కొంత తోడ్పడవచ్చును. ఉత్తర అమెరికా తెలుగు సంఘము 1977 నుండియు ఉన్నది. వారి నడుగవలసినది ఆసామి చిరునామా కాదు, మన ఉత్తరమును ఆయనకు చేర్చుమని మాత్రమే. ఇంటి నంబరును, యజమాని పేరును పదిమందిలో చాటరాదు. ఆ ప్రకటన ఆసామికంటె ముందుగా కబ్జాదారుల కంట పడును.

మేము ఆ ఊరికి వెళ్లితిమి. ఆయన అక్కగారు మమ్ము అరుగుపై కూర్చుండబెట్టి మంచినీరిచ్చి, “తమ్ముడు పోయి రెండేండ్లు దాటింది నాయనా” అనిరి. కొంతసేపటికి, “ఇల్లెట్లుంది? మా అమ్మ పెట్టిన జామచెట్టుందా?” అని అడిగిరి. ఉన్నదంటిమి. రావిమొక్క సంగతి చెప్పుటకు నోరు రాలేదు. మేమెవరమో, ఏ ఇంటినిగూర్చి వచ్చితిమో వ్రాసిన ఉత్తరమును మా ఫోను నంబరుతో వారికిచ్చి వచ్చితిమి. మూడు వారములకు అమెరికానుండి ఆయన భార్య ఫోను చేసిరి. జీపీఏ మాట ఆమె ఎరుగనే ఎరుగరు.

ఆ కాగితము నిజమైనదే అనుకొన్నను, 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము అధికారమిచ్చిన వ్యక్తి మరణముతో ముఖ్తారు అధికారము సాధారణముగా ముగియును. జీపీఏ మాత్రముచే ఆస్తి హక్కు చేతులు మారదని 2011లో సూరజ్ ల్యాంప్ వ్యాజ్యమున సుప్రీం కోర్టు స్పష్టపరచినది. నాడు బయానా ఇచ్చియున్నచో అది మాకు దక్కెడిది కాదు. ఆ కుటుంబమునకు మరియొక వ్యాజ్యము దక్కెడిది.

యజమాని గతించినపుడు అమ్మదగినవారు వారసులు. 1956 హిందూ వారసత్వ చట్టము వర్తించు కుటుంబమున వీలునామా లేనిచో భార్య, కుమారులు, కుమార్తెలు, జీవించియున్నచో తల్లి, అందరును సమ్మతించి సంతకము చేయవలెను. బిడ్డ మైనరైనచో ఆ వంతుకు న్యాయస్థానపు అనుమతి వలయును. విదేశమందున్నవారు స్వయముగా వచ్చి సంతకము చేయుట ఉత్తమము. రాలేనిచో భారత కాన్సులు ఎదుటగాని, నోటరీ ఎదుటగాని ఈ ఒక్క ఇంటికే పరిమితమైన ముఖ్తారునామా వ్రాసి పంపవచ్చును. అది భారతదేశమునకు చేరిన మూడు నెలలలో స్టాంపు సుంకము చెల్లింపవలెను. అమ్మువారు ప్రవాసులైనచో ధర ఎంత తక్కువైనను ఆదాయపు పన్నును మినహాయించి ప్రభుత్వమునకు కట్టు బాధ్యత కొనువానిదే. స్థానికుల విషయమున ఉన్న యాబది లక్షల పరిమితి ఇచట వర్తింపదు.

ఎంత వెదకినను ఆసామి దొరకనిచో? ఏడేండ్లు ఎవరికిని జాడ తెలియని మనిషిని మృతునిగా న్యాయస్థానము భావింపవచ్చును. అంతమాత్రమున ఆ ఇల్లు మనది కాదు, వారసులది; వారసులే లేనిచో ప్రభుత్వముది. పండ్రెండేండ్లు ఆక్రమించిన హక్కు వచ్చునను మాటను కొందరు ఉపాయముగా చెప్పుదురు. అది కోర్టులలో ఆయువు కరగించు దారి. కొనదలచినవాని దారి కాదు. యజమాని పాకిస్తానుకో, చైనాకో వెడలిపోయి ఆస్తి శత్రు ఆస్తిగా నమోదైయున్నచో 1968 చట్టము క్రింద అది కస్టోడియను అధీనమున నుండును. 2017 సవరణ పిదప వారసులకు కూడ దానిని అమ్ము హక్కు లేదు.

మా కథకు ముగింపు చెప్పవలెను. ఆ ఇల్లు మేము కొనలేదు. పిల్లలతో ఆలోచించిన పిమ్మట అమ్మదలచుకొనలేదని ఆమె తెలిపిరి. మరుసటి సంక్రాంతికి వారు వచ్చి తాళము మార్చి, రావిమొక్కను పెరికించి, ఇల్లు అద్దెకిచ్చి వెళ్లిరి. అక్కగారు జామకాయలు కొన్ని మాకు పంపిరి. ఇపుడు రాత్రివేళ ఆ ముంగిట దీపము వెలుగుచున్నది.