మేఘం లేచినప్పుడు గుడారం విప్పగలమా?

వేసవి సెలవుల్లో మూడు రోజుల క్యాంపు ఉందని చర్చిలో ప్రకటించగానే అందరి ముఖాలూ ఒకేలా ఉండవు. యువతీ యువకులు ఆ సాయంత్రమే బ్యాగులు సర్దుకుంటారు. తల్లులు దోమల గురించి, తాగునీటి గురించి, బాత్రూముల గురించి ఆరా తీస్తారు. పెద్దవాళ్లేమో చాప మీద పడుకుంటే నడుం పట్టేస్తుందంటారు. వెళ్లాలనీ ఉంటుంది, సొంత మంచం వదలబుద్ధీ కాదు. ఇది కొత్త సంగతేమీ కాదు. ఒక జనాంగమంతా నలభై ఏళ్లపాటు గుడారాల్లో బతికింది. ఆ నలభై ఏళ్లూ రెండు మనసులతోనే నడిచింది.

ఐగుప్తు నుండి బయలుదేరిన మూడో నెలలో ఇశ్రాయేలీయులు సీనాయి కొండ దగ్గర దిగారు (నిర్గమ 19:1,2). రెండో సంవత్సరం రెండో నెల 20వ తేదీన మేఘం పైకి లేచింది (సంఖ్యా 10:11). అంటే దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. ధర్మశాస్త్రం అక్కడే పొందారు, ప్రత్యక్షపు గుడారం అక్కడే నిలబెట్టారు. పిల్లలు పుట్టి ఉంటారు, ఇరుగుపొరుగు స్నేహాలు కుదిరి ఉంటాయి. సరిగ్గా అప్పుడే, ఈ కొండ దగ్గర ఉన్నది చాలు, ఇక కదలండి అన్నాడు దేవుడు (ద్వితీ 1:6,7). ఆ తర్వాత కూడా మేఘం ఒకచోట ఒక్క రాత్రి, మరొకచోట రెండు రోజులు, ఇంకొకచోట నెల నిలిచేది (సంఖ్యా 9:21,22). ఎన్నాళ్లో ముందుగా ఎవరికీ తెలియదు. మేకు ఎంత లోతుగా దిగగొట్టాలో కూడా తెలియని బతుకు అది!

సీనాయి నుండి కదిలే ముందు మోషే తన మామ కుటుంబానికి చెందిన హోబాబును తమతో రమ్మన్నాడు. హోబాబు మొహమాటపడలేదు. నేను రాను, నా దేశానికి, నా బంధువుల దగ్గరికి వెళ్లిపోతానన్నాడు. మోషే అతన్ని తప్పుపట్టలేదు. ఈ అరణ్యంలో ఎక్కడ దిగాలో నీకు తెలుసు, నీవు మాకు కళ్లలా ఉంటావని బతిమాలాడు (సంఖ్యా 10:29-32). హోబాబు ఏం జవాబిచ్చాడో అక్కడ రాయలేదు. కానీ చాలా కాలం తర్వాత అతని సంతతివారు కనానులో గుడారం వేసుకుని ఉండడం చూస్తాం (న్యాయాధి 4:11). 'రాను' అన్నవాడి ఇంటివారికి కూడా ఆ దేశంలో చోటు దొరికింది. ఇష్టంలేని మనసును దేవుడు వెంటనే తోసిపుచ్చడు.

అయితే జనం సణుగుడు వేరు. వాళ్లు చేపల్ని, కీరకాయల్ని, ఉల్లిపాయల్ని, వెల్లుల్లిని తలచుకుని ఏడ్చారు. అక్కడ చేపలు ఊరికే దొరికేవన్నారు (సంఖ్యా 11:4,5). నిజంగా ఊరికేనా? ఆ చేపల వెల వాళ్ల వెట్టిచాకిరీ! హోబాబు తన మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. జనం మాత్రం బానిసత్వాన్ని సుఖంగా మార్చి చెప్పుకున్నారు. వెళ్లడం కష్టంగా ఉందని దేవునితో చెప్పుకోవడం ప్రార్థన అవుతుంది. దేవుడు విడిపించిన చోటునే స్వర్గమనుకోవడం మాత్రం అవిశ్వాసం.

ఆ ప్రయాణంలో మెరారీయుల పని చూడండి. మందిరపు పలకలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, తాళ్లు మోయించడం వాళ్ల వంతు. అందుకు వాళ్లకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు ఇచ్చారు (సంఖ్యా 7:8). ఏ వస్తువు ఎవరు మోయాలో పేరు పేరునా లెక్క చెప్పమన్నాడు దేవుడు (4:32). క్యాంపులో వేదిక మీది ప్రసంగీకుడు అందరికీ గుర్తుంటాడు. తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించినవాళ్లు, షామియానా తాళ్లు బిగించినవాళ్లు మనకు గుర్తుండకపోవచ్చు. మేకులు మోసేవారినీ దేవుడు లెక్కలో ఉంచుకున్నాడు.

మూడు రోజుల క్యాంపు ముగిశాక ఎవరింటికి వారు చేరుకుంటారు. కానీ తిరిగిరాని ప్రయాణాలు కూడా ఉన్నాయి. చాలా ఏళ్లు కాపురమున్న ఇంటికి తాళం వేసి కొడుకు దగ్గరికి పట్నం వెళ్లే వృద్ధ దంపతులు, బదిలీ ఉత్తర్వు అందుకున్న పాస్టరుగారి కుటుంబం, భర్తను సమాధిలో ఉంచి ఒంటరిగా ఇంటికి వచ్చిన సహోదరి... వీరికి మేఘం లేచింది. 'విశ్వాసం ఉంటే ఏడవకూడదు' అని వీరితో అనకండి. వీరు వినవలసిన మాట మోషే చెప్పాడు: మీరు గుడారాలు వేసుకోవలసిన చోటు వెదకడానికి దేవుడే మీకు ముందుగా నడిచాడు (ద్వితీ 1:33). మనం చేరబోయే తెలియని చోటు ఆయన చూసి వచ్చిన చోటే!

అపొస్తలుడైన పౌలుకు గుడారాల సంగతి బాగా తెలుసు. కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కలిసి అతడు గుడారాలు కుట్టాడు. ఆ దంపతులు కూడా క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవల్ల రోమా విడిచి వచ్చినవారే (అపొ.కా. 18:1-3). ఆ కొరింథు సంఘానికే రాస్తూ, మన శరీరం కూడా ఒక గుడారమేనన్నాడు పౌలు. అందులో ఉండి మూల్గుతున్నామని దాచకుండా చెప్పాడు, దేవుడు కట్టిన నిత్యమైన నివాసం ఉందని కూడా నిశ్చయంగా చెప్పాడు (2 కొరింథీ 5:1-4). మూలుగు, నిరీక్షణ ఒకే హృదయంలో ఉండవచ్చు. మేఘం లేచిన రోజున కన్నీళ్లు తుడుచుకుంటూనే మేకులు పీకుదాం. ముందు నడిచేవాడు నమ్మదగినవాడు.