దండధరునకును విచారణ గలదు

సోదరీమణులారా! దుష్టశిక్షణము, శిష్టరక్షణము రాజధర్మమని మన పెద్దలు చెప్పిన మాట మనకందఱకును దెలిసినదే. ఆ శిక్షణము చేయు చేయి తప్పు చేసినచో దానిని నిలుపువారెవ్వరను ప్రశ్న మాత్రము మన యిండ్లలో నంతగా వినబడదు. పోలీసులు, తుపాకులు, కోర్టులు అనునవి పురుషుల ముచ్చటలనియు, మనకు వానితో బనిలేదనియు ననుకొనుట పరిపాటి యైనది. కాని యీ కాలమున మన పేరు చెప్పియే, మన మానరక్షణము కొఱకే యని చెప్పియే, తుపాకి ప్రేలుచున్నది. మన పేర జరిగిన పనిని గూర్చి విచారించుట మన విధి గాదా?

2019 వ సంవత్సరము నవంబరు 27 వ తేదీ రాత్రి హైదరాబాదు పొలిమేరలోని శంషాబాదు చెంత నొక పశువైద్యురాలిని దుర్మార్గులు చెఱచి చంపి, షాద్‌నగరు దాపున చటాన్‌పల్లి వంతెన క్రింద నామె దేహమును దగులబెట్టిరి. ఆమె పేరు ప్రకటింపరాదని చట్టము. లోకమామెను దిశ యని పిలిచినది. పోలీసులు నలుగురిని బట్టుకొనిరి. డిసెంబరు 6 వ తేదీ తెల్లవాఱుజామున నామె వస్తువులను జూపించుటకై వారినా చోటికి గొనిపోగా, వారు తుపాకులు లాగికొని తమపై దిరుగబడిరనియు, ఆత్మరక్షణకై కాల్పవలసి వచ్చెననియు పోలీసులు చెప్పిరి. నలుగురును మరణించిరి.

ఆ నాడు జనులు పోలీసులపై బూలు చల్లిరి. మిఠాయిలు పంచిరి. స్త్రీలు వారి చేతులకు రాఖీలు గట్టిరి. ఆ సంతోషమునకు మూలమైన దుఃఖము నెఱుగని స్త్రీ యుండదు. కూఁతురు వెలుపలికి బోయి వచ్చువఱకు గడపలో నిలువబడు తల్లులము మనము. 2012 డిసెంబరులో ఢిల్లీ నగరమున బస్సులో నొక విద్యార్థినికి జరిగిన ఘోరమునకు దోషులైనవారికి శిక్ష యమలు జరిగినది 2020 మార్చి 20 వ తేదీన. నడుమ నేడేండ్లు గడచెను. న్యాయమింత నెమ్మదిగా నడచుచుండగా, తొమ్మిది దినములలో దీఱిన తీర్పు మనకు తియ్యగా దోచుటలో వింత లేదు.

కాని యొక్క నిమిషము నిలిచి యాలోచింపుడు. ఆ రాత్రి కూఁతురు రాలేదని యామె తలిదండ్రులు పోలీసుల కడకు బోగా, ఈ చోటు మా స్టేషను క్రిందిది కాదని వారు కాలము గడపిరని యా కుటుంబమువారు మొఱపెట్టుకొనిరి. అందుకై మువ్వురు పోలీసు ఉద్యోగులను సస్పెండు గూడ జేసిరి. ఆ ఘడియలలో నెవరైన వెదకియుండినచో నేమయ్యెడిదను ప్రశ్న దేశమంతటను మాఱుమ్రోగవలసినది. కాల్పుల ధ్వనిలో నది యడగిపోయినది. అంతకంటె ముఖ్యమైన విషయ మింకొకటి గలదు. ఆ నలుగురే దోషులని సాక్ష్యములతో, జెరహాతో నే కోర్టులోను ఋజువు కాలేదు, ఇక కాజాలదు. వారిలో నొక్కడు నిరపరాధియైనచో, అసలు దోషి నేడును మన నడుమనే తిరుగుచున్నాడన్న మాట. ఇది స్త్రీలకు రక్షణమెట్లగును?

సుప్రీముకోర్టువారు డిసెంబరు 12 వ తేదీననే జస్టిస్ సిర్పూర్కరు గారి యధ్యక్షతను విచారణ సంఘమును నియమించిరి. అందు బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి రేఖా బల్దోటాగారును, సి. బి. ఐ. మాజీ డైరెక్టరు కార్తికేయన్ గారును సభ్యులు. 2022 జనవరిలో సమర్పింపబడిన వారి నివేదిక మే నెలలో బయటికి వచ్చినది. తుపాకులు లాగికొనిరను కథ నమ్మదగినది కాదనియు, చంపు తలంపుతోనే కాల్చిరనియు, పదిమంది పోలీసులపై హత్యానేరము విచారింపవలెననియు వారు వ్రాసిరి. మరణించిన నలుగురిలో మువ్వురు మైనర్లనియు వారి యభిప్రాయము. ఆ నివేదికను సుప్రీముకోర్టు తెలంగాణ హైకోర్టునకు బంపెను. పోలీసులు దానిని సవాలు చేయగా, 2024 లో హైకోర్టు వారిపై చర్యలను తాత్కాలికముగా నిలిపివేసెను.

ఇచ్చట నొక ధర్మసూక్ష్మము గలదు. సంఘము వ్రాసినది నివేదికయే గాని తీర్పు గాదు. ఆ పదిమందిని హంతకులని మనము పిలువరాదు. వారి మాట వినబడవలెను, వారికి న్యాయవాది యుండవలెను, సాక్ష్యమును బరీక్షింపవలెను. అనగా, ఆ నలుగురికి లభింపని విచారణయే యీ పదిమందికిని లభింపవలసియున్నది. అది పోలీసులకు గూడ మేలే. నిజముగా నాత్మరక్షణకే కాల్చినవాడు కోర్టులో నిర్దోషియై తల యెత్తుకొని రావచ్చును. విచారణయే లేనిచో మంచివాడును జీవితాంతము సంశయముతోనే బ్రదుకవలెను.

ఆదిపర్వములోని మాండవ్యుని కథ మనలో జాలమంది విన్నదే. మౌనవ్రతుడైన యా ముని యాశ్రమమున దొంగలు సొమ్ము దాచిరి. తలారులు వచ్చి యడుగ నాతడు పలుకలేదు. సొమ్ము దొరకుటయే చాలునని, రాజు విచారింపకయే యాతనిని గొఱ్ఱున వేయించెను. ఈ కథలో మనము మఱచునది కడపటి భాగము. మాండవ్యుడు యముని కడకేగి, నేనేమి పాపము చేసితినని యడిగెను. బాల్యమున బురుగులను బుల్లతో గ్రుచ్చితివని యాతడు చెప్పెను. అంత చిన్నతప్పునకింత శిక్షయా యని ముని యాతనిని విదురుడై పుట్టునట్లు శపించెను; పదునాలుగేండ్ల లోపు పిల్లలు చేసినది పాపము కాకుండునట్లు మర్యాదయు నేర్పఱచెను. విచారణలేని దండము, తప్పునకు మించిన దండము, పసివారికి దండము, ఈ మూడింటిని గూర్చియు మన పూర్వులు యమధర్మరాజునే లెక్క యడిగిరి. దండధరుడే లెక్క చెప్పవలసినప్పుడు తుపాకి ధరించిన యుద్యోగి చెప్పవద్దా?

నేటి చట్టమును నట్లే యున్నది. పట్టుకొనబోవునపు డెదిరించినవానిపై నవసరమైనంత బలము నుపయోగింపవచ్చును గాని, మరణశిక్షకో యావజ్జీవ కారాగారమునకో తగిన నేరము మోపబడనివాని ప్రాణము దీయు హక్కు లేదని భారతీయ నాగరిక సురక్షా సంహిత 43 వ సెక్షను చెప్పుచున్నది. అట్టి ఘోరనేరము మోపబడినవాడైనను, లొంగియున్నవానిని గాల్చుట హత్యయే. 2014 సెప్టెంబరు 23 వ తేదీన సుప్రీముకోర్టు మఱికొన్ని నియమములను జేసినది: పోలీసు కాల్పులలో మరణము కలిగినచో కేసు నమోదు చేయవలెను, ఆ స్టేషనువారు గాక, సి. ఐ. డి. వారో మఱియొక స్టేషనువారో దర్యాప్తు జరుపవలెను. మేజిస్ట్రేటు విచారణ జరుగవలెను. మృతుని బంధువులకు వెంటనే తెలుపవలెను. కాల్చినవారికి వెనువెంటనే ప్రమోషనులుగాని, పతకములుగాని యీయరాదు. ఇట్టి నియమములకు దారి తీసిన ప్రయత్నములలో నొకటి మన దేశభాగమునుండియే వెడలినది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘమువారి ఫిర్యాదులను 1996 లో విచారించిన పిమ్మటనే జాతీయ మానవ హక్కుల సంఘాధ్యక్షులు జస్టిస్ వెంకటాచలయ్యగారు 1997 మార్చిలో నన్ని రాష్ట్రములకును సూచనలు పంపిరి.

పోలీసులను లెక్క యడుగుట దుర్మార్గులకు దోడ్పాటగునని కొందఱందురు. వారు 1978 వ సంవత్సరమును దలంచుకొందురు గాక! హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో పోలీసులే యొక పేదస్త్రీని జెఱచి, రిక్షా ద్రొక్కి బ్రతుకు నామె భర్తను గొట్టి చంపిరని నగరమంతయు నుడికిపోయెను. విచారించిన జస్టిస్ ముక్తదర్ గారి కమీషను పోలీసులను దప్పుపట్టెను. కాని కేసు రాయచూరు కోర్టునకు మాఱి, తుదకు వారందఱును విడుదలైరి. నడుమ నా స్త్రీ నడవడినే జనులు తూలనాడిరి. లెక్క యడుగబడని బలము మొదట నెవరిపై బడునో యీ గాథ చెప్పుచున్నది. నేడు మన పగవానిపై బేలిన తుపాకి రేపు మన గడప ముందఱ నిలిచినచో, అడ్డుపడుటకు మనకు మిగులునది చట్టమొక్కటియే.

కావున సోదరీమణులారా, మనము చేయదగిన పనులు కొన్ని గలవు. నేర మెచ్చట జరిగినను ఏ స్టేషనులోనైన ఫిర్యాదు నీయవచ్చునని చట్టము స్పష్టముగా జెప్పుచున్నది. మా హద్దు కాదను మాటకు వెనుదిరిగి రావలదు. నమోదైన కాగితపు నకలు ఖర్చులేకుండ నడిగి తీసికొనుడు. కోర్టులు త్వరపడవలెనని, సాక్ష్యములు చక్కగా సేకరింపవలెనని గట్టిగా గోరుడు. ఎన్‌కౌంటరు జరిగినదని విన్నప్పుడు, చచ్చినవాడెంత చెడ్డవాడని కాక, విచారణ జరిగినదా యని మీ బిడ్డల యెదుట నడుగుడు. ఆ పిల్లలలోనుండియే రేపటి పోలీసులును, రేపటి న్యాయాధిపతులును రావలసియున్నారు.