యవనుల వేల్పులు, మన గంగమ్మ

ప్రాచీన గ్రీకులు దేవతలను ఏల పూజించిరి? ఈ ప్రశ్నకు మన విద్యార్థులలో పెక్కుమంది ఒక్క వాక్యముతో సమాధానము వ్రాయుదురు: ప్రకృతి శక్తులకు భయపడి పూజించిరి అని. మార్కులు వచ్చును, విషయము మాత్రము తీరదు. ఆ తరగతిలోనే మైపాడు నుండియో, జువ్వలదిన్నె నుండియో వచ్చిన మత్స్యకారుల బిడ్డ కూర్చుండి యుండవచ్చును. అతని తల్లి గంగమ్మకు మొక్కుకొనును. తన తల్లి భక్తి యంతయు భయమే యని ఆ వాక్యము అతనికి చెప్పుచున్నది. కావున అది ఎంతవరకు నిజమో నిదానించి చూడవలసి యున్నది.

గ్రీకులను మన పూర్వులు యవనులనిరి. వారి లోకమునకును నెల్లూరు సీమకును ప్రాచీనకాలముననే సంబంధము కలదు. 1780 దశకమున నెల్లూరు సమీపమున ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలికి ఇటుక కట్టడము తగిలెను. త్రవ్వి చూడగా ఒక చిన్న గుడి శిథిలములును, వాని క్రింద ఒక కుండలో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల నాటి రోమను నాణెములును బయటపడినవి. క్రీ. శ. రెండవ శతాబ్దికి చెందిన ఆ ధనము సముద్ర వ్యాపారము వలన వచ్చియుండును. ఐగుప్తు రేవుల నుండి ఆ వ్యాపారము నడపిన నావికులలో గ్రీకు భాష మాటలాడువారు పెక్కుండ్రు. వారును మనవారివలెనే కడలిని నమ్మి బ్రతికినవారు.

దేవతలను ఏల కొలుతురను ప్రశ్న గ్రీకులకు క్రొత్త కాదు. క్రీ. పూ. ఐదవ శతాబ్ది ప్రాంతముననే వారిలో మూడు సమాధానములు పుట్టినవి. ఉరుములు, మెరుపులు, గ్రహణములు చూచి భీతిల్లిన మానవులు దేవతలు కలరని తలచిరని డెమోక్రిటస్ అభిప్రాయము. సూర్యచంద్రులు, నదులు, ధాన్యము మొదలగు మేలుచేయు వస్తువులనే దైవములుగా భావించిరని ప్రోడికస్ చెప్పెను. చాటున పాపము చేయువారిని అదుపులో నుంచుటకు ఒక బుద్ధిశాలి దైవభీతిని కల్పించెనని ఒక నాటకమున ఒక పాత్ర పలికెను. ఈ మూడింటిని మన తీరమున పరీక్షించి చూతము.

భయమే కారణమైనచో, భయము తొలగగానే పూజయు తొలగవలెను. 'ఇలియడ్' కావ్యారంభమున అపోలో బాణములు వేసి గ్రీకు సేనలో మారిని పుట్టించును. వేడుకొన్న పిమ్మట తానే ఉపశమింపజేయును. మన పల్లెలలోను మశూచిని 'అమ్మవారు' అనిరి, పోలేరమ్మను కొలిచిరి. భారతదేశమున మశూచి 1975లో అంతరించెను. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి లోకమున లేదని ప్రకటించెను. వ్యాధి పోయినది, పోలేరమ్మ గుడి పోలేదు. కొలుపులు నేటికిని జరుగుచున్నవి.

ఇక మేలు మాట. కడలి చేపల నిచ్చును, నిజమే. కాని 1989 నవంబరులో పెనుతుపాను కావలి వద్ద తీరము దాటినది. 2004 డిసెంబరు 26న సునామి ఈ తీరమును తాకినది. ఆ పిమ్మటను గంగమ్మకు టెంకాయ కొట్టుట మత్స్యకారులు మానలేదు. మూడవ సమాధానము మరింత బలహీనము. రాజభటుని చూచి జనులు తొలగిపోవుదురే కాని, పొంగలి వండి, బంధువులను పిలిచి, డప్పులతో ఎదురేగరు.

మరి కారణమేమి? మన 'మొక్కు' అను పదమే దారి చూపుచున్నది. మొక్కు అనగా నమస్కారము; మొక్కు అనగా చేసిన వాగ్దానము కూడ. ఆశ్చర్య మేమనగా, గ్రీకు భాషలో 'యూఖే' అను పదమునకును ప్రార్థన, మొక్కుబడి అను రెండర్థములు కలవు. తన చేతిలో లేని దానితో మనిషి మాట కలుపుకొనుట పూజకు మూలము. కడలిని ఆజ్ఞాపింపలేము, కాని దానితో ఒక ఒడంబడిక చేసికొని, మనవంతు మాట నిలుపుకొనవచ్చును. క్రీ. పూ. 480లో తుపానువలన పారశీకుల నౌకలు పెక్కులు పగిలినప్పుడు గ్రీకులు సముద్రదేవుడగు పొసైడనుకు ద్రాక్షారసము ధారవోసి, 'రక్షకుడు' అను బిరుదముతో కొలిచిరని హెరొడోటస్ వ్రాసెను. నావలను ముంచు దేవుడే రక్షకుడు కూడ.

ఆ ఒడంబడిక ఒంటరివాని పని కాదు. గ్రీకులు బలి యిచ్చినప్పుడు ఎముకలును క్రొవ్వును దేవతలకై అగ్నిలో వేల్చి, మాంసమును అందరును పంచుకొని భుజించిరి. మన కొలుపులలోను ఊరంతయు ఒక్కచోట చేరును. రేపు నడికడలిలో ఒకరి ప్రాణము మరియొకరి చేతిలో నుండును గదా! ఒక్క పొంగలి పంచుకొన్నవారికి ఆ నమ్మకము మరింత గట్టిపడును.

క్రీ. శ. నాలుగవ శతాబ్ది చివర థియొడోసియస్ చక్రవర్తి శాసనములు పాత పూజలను నిషేధించినవి. సూనియన్ అగ్రమున కడలిపైకి చూచుచు నిలిచిన పొసైడను ఆలయము నేడు శిథిలము. అక్కడ నాటి భక్తులను అడుగుట కెవరును లేరు. మన తీరమున అడుగవచ్చును. కావున గ్రీకుల పాఠము చెప్పునాడు ఉపాధ్యాయుడు పిల్లలకు ఒక పని యప్పగింపవచ్చును: ఇంటికి పోయి, అమ్మ ఏమి మొక్కుకొన్నది, ఎందులకు, ఎప్పుడు చెల్లించినది అడిగి వ్రాసికొని రండి అని. గ్రీకులను గూర్చిన ఆ ఒక్క వాక్యమును మరునాడు వారే దిద్దుకొందురు.